ఒక్క ఆయా పోస్టు, పన్నెండు మంది ఆయాలు

నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన రిపోర్టులన్నింటిలోకీ అక్షర దోషం ఒక్కటి కూడా లేనిది ఒకే ఒక్కటి. తేదీలు సరిపోయాయి, అంకెలు సరిపోయాయి, కొట్టివేత లేదు, సిరా మరక లేదు. చదివినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. కాకపోతే ఆ రిపోర్టు మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా తప్పు.

ఈమధ్య మా శాఖలో కొత్తగా చేరిన అమ్మాయిలు ఇద్దరు స్కూటీల మీద మా ఇంటికొచ్చారు. “మీ రోజుల్లో తనిఖీలు ఎలా చేసేవారండీ?” అని అడిగారు. “కాళ్ళతో చేసేవాళ్ళం” అన్నాను. నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు. తలతో చెయ్యడం నాకు ఆలస్యంగా అబ్బింది. అది ఎలా అబ్బిందో ఆ పిల్లలకి కాఫీ చల్లారేలోగా చెప్పలేకపోయాను. అందుకే ఇలా రాస్తున్నాను.

ఎనభైల చివర సంగతి. నేను తెనాలి ఆఫీసులో సూపర్‌వైజర్ని. బల్ల మీద చెక్కముక్క మీద ‘పర్యవేక్షకురాలు’ అని ఉండేది. పర్యవేక్షణ కంటే నిరీక్షణే ఎక్కువగా చేశాను, బస్సుల కోసం. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల నా కింద తొమ్మిది కేంద్రాలుండేవి. కూలికెళ్ళిన తల్లి ఆరింటికిగానీ ఇంటికి రాదు. పిల్లల బడేమో నాలుగింటికే వదిలేస్తారు. ఆ రెండు గంటలూ పిల్లలు ఎక్కడుండాలి? అందుకని ప్రభుత్వ సాయంతో మహిళా మండళ్ళు నడిపే కేంద్రాలవి. కాగితాల మీద వాటి పేరు ‘శ్రామిక మహిళల పిల్లల సాయంకాల సంరక్షణ కేంద్రం’. ఆ పేరు రాసిన బోర్డు పట్టేంత గోడ ఏ కేంద్రానికీ లేదు. జనం దాన్ని కత్తిరించి ‘సాయంత్రం బడి’ అనేవారు.

నిబంధన ఒక్కటే. పాతిక మంది పిల్లలకి ఒక టీచరు, ఒక ఆయా. నేను వెళ్ళి తలలు లెక్కపెట్టాలి. చిన్న తలలెన్ని, పెద్ద తలలెన్ని. లెక్క కుదిరితే ‘సంతృప్తికరం’, కుదరకపోతే ‘అసంతృప్తికరం’. మూడో మాట రాయడానికి గడి లేదు. బాపట్ల అవతల సూర్యలంక దారిలో జాలరుల పిల్లల కోసం ఒక కేంద్రం ఉండేది. నేను వెళ్ళినప్పుడల్లా అక్కడ టీచరూ ఆయా ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండేవారు. పడవలు ఒడ్డుకొచ్చే వేళ కదా, పిల్లలందరూ సముద్రం దగ్గర. ఇద్దరు సిబ్బంది, సున్నా మంది పిల్లలు! అంత గొప్ప నిష్పత్తి జిల్లాలో మరెక్కడా లేదు. ‘సంతృప్తికరం’ అని రాసి వచ్చేశాను.

నా ఈ లెక్కలన్నీ మా ఆఫీసులో ఒక గుమస్తాగారి బల్ల మీదకి చేరేవి. రిటైరవడానికి నాలుగేళ్ళున్న మనిషి. మేమంతా బాబాయిగారనేవాళ్ళం. ‘ఆయా గ్రామాల ఆయాల హాజరు పట్టిక’ అని ఆయన ఒక ఫైలుకి పేరు పెట్టి, తనలో తనే మూడు రోజులు నవ్వుకున్నారు. మాటలతో ఆడుకునే జబ్బు నాకు ఆయన నుంచే అంటింది.

ఇక అసలు ఊరికి వస్తాను. రేపల్లె నుంచి వెళ్ళే బస్సు దిగి కాలవ గట్టు మీద రెండు ఫర్లాంగులు నడిస్తే వచ్చే పల్లె. అక్కడ కేంద్రం ప్రార్థన మందిరం పక్కన రేకుల వసారాలో నడిచేది. టీచరు ఆ ఊరి ఉపదేశిగారి కూతురు, ముప్పై దాటని మనిషి. నెమ్మదస్తురాలు. అబద్ధం చెప్పడం చేతకాక ఎక్కువగా మౌనంగా ఉండే రకం.

మొదటిసారి వెళ్ళినప్పుడు రిజిస్టరు తీసి ఆయా పేరు పిలిచాను. “ఉన్నానండి” అంటూ ఒక పొడగరి మనిషి లేచి నిలబడింది. రెండోసారి వెళ్ళాను, అదే పేరు పిలిచాను. “ఉన్నానండి” అని ఒక పొట్టి మనిషి లేచింది. ఎక్కడో తేడా కొట్టింది కానీ, నాకు మొహాలు గుర్తుండవులే అనుకున్నాను. మూడోసారి అదే పేరుకి తల నెరిసిన ఒక పెద్దావిడ “ఉన్నానండి” అంది. రెండు నెలల్లో మనిషి అంత కుంగిపోయి, అంత నెరిసిపోదని నాకు కూడా తెలుసు.

టీచర్ని పక్కకి పిలిచాను.

“ఈవిడేనా మీ ఆయా?”

“ఇవాళ ఈవిడేనండి.”

“ఇవాళ ఏంటి?”

“అంటే… ఇవాళైతే ఈవిడేనండి” అని తల వంచుకుంది.

నా చేతిగడియారం చూసుకున్నాను. నాలుగున్నర కావస్తోంది. రేపల్లె బస్సు తప్పిపోతే తెనాలి ప్యాసింజరు తప్పుతుంది. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది. అడగలేదు. నాకు జవాబు దొరికిపోయిందనుకున్నాను. రైల్లో కూర్చుని చిరాకు పడలేదు సరికదా, లోపల ఒక రకమైన ఉత్సాహం. ఇన్నాళ్ళకి ఒక దొంగని పట్టుకున్నాను!

ఆ రాత్రి కాదు, మర్నాడు తీరిగ్గా ఆఫీసులో కూర్చుని రాశాను. ఒకే పేరు మీద ముగ్గురు వేర్వేరు స్త్రీలు హాజరవుతున్నారు. ఇది మోసపూరితమైన హాజరు. పైగా పిల్లల సంఖ్య అనుమతించినదానికంటే మించి ఉంది. కేంద్రం గుర్తింపు రద్దు చేయుటకు సిఫారసు చేయడమైనది. బాబాయిగారు కళ్ళజోడు సవరించుకుని చదివారు.

“ఏం రాశావమ్మాయ్! కామాలు కూడా అటెన్షన్‌లో నిలబడ్డాయి” అన్నారు.

మామూలుగా మా రిపోర్టులు గుంటూరు వెళ్ళి అక్కడే కాపురం పెడతాయి. ఇది మాత్రం వారం తిరక్కుండా జవాబు తెచ్చింది. జిల్లా అధికారిగారు స్వయంగా వచ్చి చూస్తారు. ఈ లోగా కేంద్రానికి సంజాయిషీ నోటీసు అందజేయాలి. సంజాయిషీ తృప్తిగా లేకపోతే అదే రోజు కేంద్రం మూసివేత. నోటీసు అందజేసే పని నాదే.

అది ఊడుపుల కాలం. కాలవలకి నీళ్ళొచ్చి, చేలన్నీ మనుషులతో నిండి ఉన్నాయి. నేను నోటీసు ఇస్తే టీచరు చదివి, నాలుగు మడతలు పెట్టి, బైబిల్లో దాచుకుంది. తిట్టినా బాగుండేది. నేను తిరుగు ప్రయాణానికి లేచేసరికి కాలవ గట్టు ఒకచోట జారిందనీ, బస్సు చుట్టు తిరిగి ఆరున్నరకిగానీ రాదనీ కబురొచ్చింది. గత్యంతరం లేక కూర్చున్నాను. ఆ కేంద్రంలో నేను నాలుగున్నర దాటాక ఉండటం అదే మొదటిసారి.

ఆరింటికి చేలల్లోంచి ఆడవాళ్ళు వచ్చారు. మోకాళ్ళ దాకా బురద. వసారా బయటే ఆగి, తొట్టిలో కాళ్ళు కడుక్కుని, ఎవరి పిల్లల్ని వాళ్ళు పేరు పెట్టి పిలిచి తీసుకుంటున్నారు. ఆ రోజు ఆయాగా ఉన్న మనిషి, నేను నాలుగోసారి చూస్తున్న నాలుగో మనిషి, ప్రతి పిల్లాణ్ణీ తల్లి చేతిలో పెట్టేదాకా చెయ్యి వదలడం లేదు. పక్కింటావిడ వచ్చి “నేను తీసుకుపోతాలే” అంటే, “నువ్వెవతివే, వాళ్ళమ్మని రమ్మను” అని కసిరింది. నా తొమ్మిది కేంద్రాల్లో ఏ ఆయా అంత పట్టుదలగా ఉండటం నేను చూడలేదు.

టీచరు అందరిలోకీ పెద్ద గొంతున్న ఒకావిడతో ఏదో చెప్పింది. యాభై ఏళ్ళుంటాయి. ఆ ఊడుపుల ముఠాకి ఆమే మేస్త్రమ్మ. అంటే చేను గుత్తకి మాట్లాడుకుని, పదకొండు మందిని వెంటబెట్టుకుని వెళ్ళే మనిషి. ఆమె నా ముందుకొచ్చి నిలబడింది.

“ఏంటండి అమ్మగారూ, మేం మోసం చేశామంటండి?”

“ఒక్క పేరుకి ముగ్గురు పలికారు కదమ్మా? నా కళ్ళతో చూశాను.”

“ముగ్గురు గాదండి, పన్నెండు మందిమి. మీరు మూడుసార్లే వచ్చారు.”

వెనక నుంచి కిసుక్కున నవ్వులు. మేస్త్రమ్మ నవ్వలేదు. విడమరిచి చెప్పింది. “మీరు ఒక్క ఆయా పని ఇచ్చారండి. ఊడుపుల్లో ఒకామెని పట్టుకుని, నువ్వు చేలోకి రావద్దు, రోజూ పిల్లల దగ్గరే కూర్చో అని ఎట్టా చెబుతామండి? ఆమెకి ఊడుపు కూలి పోద్ది, మాకు ఒక చెయ్యి పోద్ది. అందుకని ఆయా పని కూడా ముఠానే గుత్తకి తీసుకుందండి. రోజుకొకరి వంతు. వంతొచ్చినామె మూడింటికే గట్టెక్కి వచ్చేసిద్ది. ఆమె వాటా ఎవరూ తగ్గించరు.”

“మరి ఆ పేరేంటి?”

“కాగితంలో ఒక్క పేరుకే చోటుందని పంతులమ్మగారు చెప్పారండి. సరేలే, ఎవరు కూర్చుంటే ఆ రోజుకి వాళ్ళే ఆ పేరు అనుకున్నాం.”

“ఇంతకీ ఆ పేరు గల ఆవిడ మీలో ఉందా, లేదా?”

చంకలో పిల్లాడితో ఒక సన్నపాటి మనిషి వెనకనుంచి చెయ్యెత్తింది. “నేనేనండి. నా వంతు మంగళవారమండి.”

ఇందులో ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. పన్నెండు మంది కలిసి ఒక పనిని న్యాయంగా పంచుకున్నారు. మా పట్టికలో న్యాయానికి గడి లేదు, అంతే.

“మూసేస్తే ఏం చేస్తారు?” అని అడిగాను.

“చేసేదేముందండి. పెద్దపిల్లల్ని బడి మానిపించి చిన్నోళ్ళకి కాపలా పెడతాం. ముందు అంతే కదండి జరిగింది. మా ఇంట్లో నాలుగో తరగతి మొహం చూసింది నా మనవరాలేనండి. మేమందరం తమ్ముళ్ళని, చెల్లెళ్ళని ఎత్తుకునే పెద్దోళ్ళమయ్యాం.” నోటీసు మడతపెట్టి ఉన్న బైబిలు వంక ఒకసారి చూసి, మనవరాలి పలక తీసుకుని వెళ్ళిపోయింది.

వాళ్ళది ఊడుపుల కాలం. నాది ఉద్యోగం ఊడే కాలం అనుకున్నాను. కానీ నిజానికి ఊడేది నా ఉద్యోగం కాదు, ఆ పిల్లల చదువు. ఆరున్నర బస్సులో నాకు కిటికీ పక్క సీటు దొరికింది. అయినా బయటికి చూడలేకపోయాను.

మర్నాడు బాబాయిగారి బల్ల ముందు నిలబడ్డాను. “రిపోర్టు వెనక్కి తీసుకోవచ్చాండీ?”

“తీసుకోవచ్చు. గుంటూరు వెళ్ళి, అధికారిగారి బీరువా పగలగొట్టి. ఏమైందమ్మాయ్?”

చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత నిబంధనల పుస్తకం తీశారు. ఆ పుస్తకాన్ని మాలో ఎవరూ పూర్తిగా చదవలేదు. ఆయన కూడా ఆ రోజే చదివారని నా అనుమానం. మధ్యాహ్నానికి ఒక వాక్యం దగ్గర వేలు పెట్టి నన్ను పిలిచారు. ఆయా రాలేని రోజున, శిక్షణ పొందిన స్థానిక మహిళను బదులుగా పెట్టుకోవచ్చును.

“ఒకర్నా, ఇద్దర్నా?” అన్నాను.

“అది రాయలేదు. రాసినాయన ఆ పూట భోజనానికి లేచినట్టున్నాడు. రాయని చోటే మనం బతకాలి. పన్నెండు మందికీ శిక్షణ ఇప్పించు. అప్పుడు దొంగపేర్లు అక్కర్లేదు. ఎవరి పేరు వాళ్ళదే.”

శిక్షణంటే బాపట్లలో మూడు రోజులు. అధికారిగారు రావడానికి పది రోజులే ఉంది. పరుగున పల్లెకెళ్ళి మేస్త్రమ్మకి చెప్పాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

“అదును దాటితే నారు ముదురుద్దండి. పన్నెండు మందిమి మూడు రోజులు బాపట్ల పోతే, ఆసామి ఇంకో ముఠాని దింపుతాడు. ఆ బాపట్లనే ఇక్కడికి తీసుకురండి.”

తీసుకొచ్చాను. బాపట్లలో శిక్షణ ఇచ్చే ఆవిడ అంతకుముందు ఆస్పత్రిలో నర్సుగా చేసిన మనిషి. తెల్లచీర, ఇస్త్రీ మడత చెదరదు. “పొలంలో పాఠమా?” అని నిలదీసింది. బతిమాలాను. చివరికి పటాలు, చాపచుట్ట, పసిబిడ్డంత రబ్బరు బొమ్మ సంచిలో సర్దుకుని బయల్దేరింది. మూడు రోజులు, మధ్యాహ్నం అన్నాల వేళ, చేను గట్టు మీద తరగతి. ఆ శిక్షణని బాబాయిగారు కాగితాల్లో ‘క్షేత్రస్థాయి శిక్షణ’ అని రాశారు. ప్రభుత్వ భాషలో ఆ మాట అంత అక్షరాలా నిజమైన సందర్భం ఇంకొకటి ఉండదు.

మొదటి రోజు పాఠం, నీళ్ళలో పడిన బిడ్డని ఏం చెయ్యాలి. శిక్షకురాలు బొమ్మని పైకెత్తి చూపిస్తుంటే చెయ్యి జారి అది ఊడ్చిన మడిలో పడింది. “అయ్యో బిడ్డ!” అని కేకలు. ఆవిడ వంగేలోగానే ముగ్గురు మడిలోకి దూకారు. ఒకామె బొమ్మని బోర్లా వేసి వీపు తట్టింది, ఇంకొకామె నోట్లో వేలు పెట్టి బురద తీసింది, మూడో ఆమె కొంగుతో తుడిచి గుండెకి హత్తుకుంది. శిక్షకురాలు బొమ్మని అందుకుంది. “ప్రాక్టికల్స్ అయిపోయాయి” అని పుస్తకం మూసేసింది. ఆ వెనకే నేనూ గట్టు మీద కాలు జారి అదే మడిలో పడ్డాను. నా వీపు ఎవరూ తట్టలేదు. నారు తొక్కుతున్నానని తిట్టారు.

రెండో రోజు నేను నిబంధనలు చెప్పాను. పాతిక మందికి ఒక టీచరు, ఒక ఆయా.

“పాతిక దాటితేనండి?” అంది మేస్త్రమ్మ.

“దాటకూడదు.”

“దాటితేనండి?”

నేను పచ్చడి బాగుందన్నాను.

తనిఖీ రోజు రానే వచ్చింది. నాలుగింటికి జీపు గట్టు దిగింది. అధికారిగారు సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. గట్టిగా మాట్లాడేవాళ్ళంటే నాకు అంత భయం లేదు, నెమ్మదిగా మాట్లాడేవాళ్ళంటేనే భయం. ఆయన కుర్చీలో కూర్చుని, నా రిపోర్టు తీసి, నా ఎదురుగానే నా వాక్యాలు నాకే చదివి వినిపించారు. అంత చక్కటి తెలుగు విని నేను సిగ్గుపడటం అదే మొదలు.

తర్వాత రిజిస్టరు చూసి ఆయా పేరు పిలిచారు.

“ఆమె వంతు రేపండి” అంది ఆ రోజు వంతు మనిషి. పొడగరి. మొదటిసారి నాకు “ఉన్నానండి” అన్న మనిషే. “ఇవాళ నేనండి” అని తన సొంత పేరు చెప్పి, సంచిలోంచి శిక్షణ పత్రం తీసి ఇచ్చింది.

ఆయన పత్రం అటూ ఇటూ తిప్పి చూశారు. పన్నెండు పత్రాల నకళ్ళు నేను అందించాను. ఒక్కొక్కటీ చూశారు. అప్పటికి బడి వదిలి పిల్లలు వచ్చేస్తున్నారు. సంచులు ఒక మూల, చెప్పులు ఒక మూల, గోల అంతటా. ఆయన లేచి వేలుతో గాల్లో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నాకు అప్పుడు స్ఫురించింది. పేర్ల గొడవలో పడి నేను రెండో సంగతి పూర్తిగా మర్చిపోయాను. రిపోర్టులో నేనే రాసిన రెండో సంగతి.

“నలభై ఒక్క మంది ఉన్నారు” అన్నారాయన. “అనుమతి పాతిక మందికి. పేర్లు సరిచేశారు, బాగుంది. కానీ ఇద్దరు మనుషులు ఇంతమందిని చూడటం కుదరదు కదా? పక్కన కాలవ ఉంది. రేపు ఏదైనా అయితే జవాబు ఎవరు చెబుతారు?”

ఆయన అన్నది న్యాయమే. టీచరు బైబిలు మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. పచ్చడి సంగతి ఎత్తడానికి అక్కడ పచ్చడి కూడా లేదు.

పొడగరి మనిషి మాత్రం మా ఇద్దర్నీ పట్టించుకోలేదు. పిల్లల్ని ఒకసారి కలయజూసింది. పెదాలు కదిలాయి. చూరులోంచి ఒక ఎర్రగుడ్డ తీసి, వసారా చివర రాటకి కట్టి వచ్చి, పిల్లలకి శనగలు పెట్టడంలో పడిపోయింది.

“అదేంటమ్మా?” అన్నారు అధికారిగారు.

“పాతిక దాటారండి.”

ఆయన వసారా చివరికి నడిచారు. నేనూ వెనకే వెళ్ళాను. రెండు మళ్ళ అవతల ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లేస్తున్నారు. ఆ వరసలోంచి ఒకామె నడుం నిటారు చేసి ఇటు చూసింది. చేతిలో మిగిలిన నారు పక్కామెకి ఇచ్చింది. గట్టెక్కింది. కాలవ దగ్గర కాళ్ళు కడుక్కుంది. తొందరపడకుండా నడిచి వసారాలోకి వచ్చి, ఏడుస్తున్న ఒకణ్ణి చంకనేసుకుని, కాలవ వైపు వాకిట్లో కూర్చుంది. ఇంకో ముగ్గురు వచ్చి ఆమె ఒళ్ళో తలలు పెట్టుకున్నారు.

“నువ్వెవరమ్మా?”

“రెండో మనిషినండి.”

“ఎవరు రమ్మన్నారు?”

“గుడ్డ ఎగిరింది గదండి.”

“యాభై దాటితే?”

“ఇంకో గుడ్డ కట్టిద్దండి. ఇంకొకామె వచ్చిద్ది.”

“ఇంకా దాటితే?”

ఆమె చంకలోవాణ్ణి సర్దుకుంది. “అంతమంది మా పల్లెలో లేరండి బాబుగారూ. ఇంకా పుట్టాలి.”

ఈ ఏర్పాటు సంగతి నాకూ అప్పటిదాకా తెలియదని మనవి చేసుకుంటున్నాను. ముందునుంచీ గోల ఎక్కువైతే గుడ్డ కట్టేవారట. గట్టు మీద నేను పాతిక లెక్క చెప్పిన మర్నాటినుంచి లెక్కపెట్టి కడుతున్నారట. ‘దాటకూడదు’ అని నేను చెప్పిన నిబంధనకి, దాటితే ఏం చెయ్యాలో వాళ్ళే కనిపెట్టుకున్నారు.

అధికారిగారు నా వైపు తిరిగారు. “ఇది మీ రిపోర్టులో లేదే?”

“నేను నాలుగున్నర బస్సుకి వెళ్ళిపోయేదాన్ని సార్.”

“మూడుసార్లూనా?”

“మూడుసార్లూ సార్.”

“అయితే ఇవాళ మీరు వెళ్ళకండి. నేనూ వెళ్ళను” అని మళ్ళీ కూర్చున్నారు. ఆరింటికి తల్లులు వచ్చి ఒక్కొక్కర్నీ తీసుకెళ్తుంటే, నలభై ఒకటి నుంచి కిందికి లెక్కపెట్టారు. సున్నా వచ్చాక పెన్ను మూత పెట్టారు. “తీరిగ్గా ఉత్తర్వు పంపుతాను” అన్నారు. అది మంచికో చెడుకో ఆయన మొహంలో కనిపించలేదు. తర్వాత పది రోజులూ నేను తపాలా బంట్రోతుకి దారికాచి నమస్కారాలు పెట్టాను.

పదకొండో రోజు రెండు కవర్లు వచ్చాయి. బాబాయిగారే విప్పారు. మొదటిది ఉత్తర్వు. కేంద్రం యథావిధిగా కొనసాగవలెను. పన్నెండు మంది పేర్లూ రిజిస్టరులో నమోదు చేయవలెను. పిల్లలు పాతిక దాటిన ప్రతి సాయంత్రం రెండో ఆయా హాజరును గుర్తించవలెను. బాబాయిగారు రెండుసార్లు చదివి, “అమ్మాయ్, ఆ ముఠా వాళ్ళు ప్రభుత్వం చేతనే నాట్లేయించారు” అన్నారు.

రెండో కవరు నాకు. తగిన విచారణ జరపకుండా, అసంపూర్ణమైన నివేదిక సమర్పించినందుకు మెమో. నా సర్వీసులో మొదటిది.

“బాధపడకు” అన్నారాయన. “భాష చూడు, ఎంత బాగుందో. నీ రిపోర్టుకి దీటుగా ఉంది.”

శుభవార్త నేనే చెప్పాలని పల్లెకి వెళ్ళాను. నాట్లు చివరి మడిలో ఉన్నాయి. గట్టు మీద నిలబడి అరిచి చెప్పాను. పన్నెండు నడుములు ఒక్కసారి లేచాయి. సన్నపాటి మనిషి, ఆ పేరు గలామె, “అయితే ఇక నా పేరు నాదేనాండి?” అంది. అందరూ గొల్లున నవ్వారు. టీచరుకి నోటీసు వెనక్కిమ్మని చెప్పాను. ఆమె బైబిల్లోంచి తీసి ఇచ్చి, ఆ తర్వాత వసారా వెనక్కి వెళ్ళి ఏడ్చిందని చాలా రోజులకి తెలిసింది.

మేస్త్రమ్మ మాత్రం నన్ను పట్టి పట్టి చూసింది. “మీ మొహం పూర్తిగా వెలగలేదేంటండి?”

మెమో సంగతి చెప్పాను. దాచుకోవడానికి అదేమన్నా నగా?

“అంటే మీకూ పైవాళ్ళు శిక్ష వేశారన్నమాట.”

“తప్పు చేశాను కదా.”

“చేశారండి” అంది మొహమాటం లేకుండా. “మా ముఠాలో కూడా ఉందండి శిక్ష. చూడకుండా, అడక్కుండా ఒకరి మీద ఒకరు చాడీ చెబితే, వంతు కాకపోయినా ఒక సాయంత్రం పిల్లల దగ్గర కూర్చోవాలండి.”

“అయితే నాకూ వేస్తావా?”

“నేను వెయ్యలేదండి. మీరే అడిగారు. శనివారం రండి.”

శనివారం వెళ్ళాను. మూడింటికే. ఆ రోజు వంతు మనిషి నాకు వసారా అప్పగించి నవ్వుకుంటూ చేలోకి వెళ్ళిపోయింది. టీచరు ఒక మూల చిన్నవాళ్ళకి అక్షరాలు దిద్దిస్తూ కూర్చుంది. ఎంత పిలిచినా రాదే! “నిబంధన ప్రకారం నేను టీచర్నండి” అని నా మాట నాకే అప్పజెప్పింది.

నాలుగూ పదికి ముప్పై తొమ్మిది మంది ఉన్నారు. నాలుగున్నరకి నలభై ఇద్దరు. ఐదుకి మళ్ళీ లెక్కపెడితే ముప్పై ఎనిమిది. వసారా చుట్టూ పరుగెత్తాను. నలుగురూ నా చేతిసంచి కోసం చాప కింద దూరి పోట్లాడుకుంటున్నారు. ఒకతె నా జడ విప్పి రెండు జడలు వేసింది. పాట పాడమన్నారు. నాకు నోటికొచ్చినవన్నీ సర్క్యులర్లు. ఒక కథ మొదలుపెట్టాను. అందులో రాజుగారు తనిఖీకి వెళ్ళేసరికి “ఈ కథ బాలేదు” అని లేచిపోయారు. ముక్కులు తుడిచాను, తగువులు తీర్చాను, కాలవ వైపు వెళ్ళినవాణ్ణి రెండుసార్లు లాక్కొచ్చాను. సిగ్గు విడిచి రెండో మనిషి కోసం చేను వైపు చూశాను. నాకు ఆ ఒక్క పూటా సాయం పంపకూడదని మేస్త్రమ్మ ఆర్డరు వేసిందట.

ఆరింటికి తల్లులు వచ్చారు. ఒక్కొక్కర్నీ చేతికిచ్చాను. చిట్టచివర ఆ సన్నపాటి మనిషి వచ్చింది. ఆమె కొడుకు నా భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నా చీర మీద వాడి చొంగ, వాడి గుప్పెట్లో నా పెన్ను మూత.

వాణ్ణి అందుకుంటూ అడిగింది. “ఏడ్చాడాండి?”

“వీడసలు ఏడవలేదమ్మా.”

ఆమె నా రెండు జడలు చూసింది, చీర చూసింది, కళ్ళు చూసింది.

“మరి మీరండి?”

లేదన్నాను. అదే మాట రిపోర్టులో రాయాల్సి వస్తే మాత్రం, ఇంకొంచెం విచారణ చేసి రాయాలి.